సింకు, టబ్బు, సెల్లార్ నీళ్లు ఒకే ట్రాప్‌లోకి దింపొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. సీతమ్మధారలో వాలు మీద కట్టిన పాత ఇల్లు. కింద సెల్లార్, పైన రెండు అంతస్తులు. ఇప్పుడు బాత్‌రూమ్‌లు, వంటిల్లు పగలగొట్టి కొత్తగా చేయిస్తున్నారు. పై అంతస్తులో బాత్ టబ్బు, వాష్ బేసిన్ వస్తాయి. కింద వంటింటి సింకు. సెల్లార్‌లో కారు కడిగే చోటు, డ్రైవర్ కోసం చిన్న టాయిలెట్. మేస్త్రీ ఏమో "అన్నీ ఒక నహానీ ట్రాప్‌లోకి దింపేసి అక్కణ్నుంచి ఒకటే లైను చాంబర్‌కి వేసేద్దాం సార్, పైపు కలిసొస్తుంది" అంటున్నాడు. నహానీ అంటే బాత్‌రూమ్ నేల జాలీ కింద ఉండే, కంపుని ఆపే ట్రాప్. చాంబర్ అంటే ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే గుంట. అలా కలపొచ్చా, లేక దేనికదే ట్రాప్ పెట్టించాలా అని అడిగారు.

కలపొద్దండి. వంటింటి సింకుకి దాని ట్రాప్, దాని లైను వేరే ఉండాలి. టబ్బుకి దాని ట్రాప్ దానికి. బేసిన్ ఒక్కటి మాత్రం అదే బాత్‌రూమ్‌లో ఉన్న నహానీలోకి దింపుకోవచ్చు. నన్నడిగితే అలా దింపడమే మంచిది, ఎందుకో కింద చెప్తాను. సెల్లార్ నీళ్లు పై లైన్లతో సెల్లార్ లోపల ఎక్కడా కలవకూడదు. వాటికి సంప్ (ఆ నీళ్లు చేరే గుంట), పంపు, వేరే పైపు. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపి మేస్త్రీకి ఫోన్ చెయ్యండి. తీరిక ఉంటే మిగతాది చదవండి.

నేను ఇరవై ఏడేళ్లుగా వైజాగ్‌లో ఈ పనే చేస్తున్నాను. మొదటి ఐదేళ్లు హెల్పర్‌గా గోడలు కొట్టాను, తర్వాత సొంతంగా కాంట్రాక్టులు. కొత్త పనుల కంటే ఎవరో చేసి వెళ్లిన పనుల్ని తవ్వి సరిచేయడంలోనే ఎక్కువ నేర్చుకున్నాను.

ట్రాప్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, వంపు తిరిగిన పైపు ముక్క. ఆ వంపులో రెండు అంగుళాల లోతున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. అవతలి వైపు కంపు, బొద్దింకలు, దోమలు ఇవతలికి రాకుండా ఆపేది ఆ నీళ్లే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన ఈ వంపుతో టాయిలెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా సూత్రం మారలేదు. కాబట్టి ఏ పైపు ఎక్కడ కలపాలన్నా నేను ముందు చూసేది ఒక్కటే: ఇలా కలిపితే ఆ రెండు అంగుళాల నీళ్లు ఆ వంపులో ఉంటాయా, పోతాయా?

పోవడానికి దారులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే, ఎండిపోవడం. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకి తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లంతా కంపు కొడుతుంది చూడండి, అదే. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఇంకా తొందరగా ఎండుతుంది. ఊరెళ్లే ముందు ప్రతి నహానీలో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వెయ్యండి. నూనె తెట్టు కింద నీళ్లు త్వరగా ఆవిరవ్వవు. ఇది చిన్న విషయమని అనుకోకండి. 2003లో హాంకాంగ్‌లో ఆమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకింది. బాత్‌రూమ్ నేల ట్రాపులు ఎండిపోయి ఉండటం, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు పైపులోని గాలిని లోపలికి లాగడం ముఖ్య కారణాలని తర్వాత విచారణలో తేల్చారు. మీ బాత్‌రూమ్‌లో కూడా తలుపు వేసి ఫ్యాన్ వేసినప్పుడే వాసన ఎక్కువగా వస్తోందంటే, ముందు నహానీలో నీళ్లున్నాయో లేదో టార్చి వేసి చూడండి.

బేసిన్‌ని నహానీలోకి దింపమన్నది ఇందుకే. బేసిన్ రోజుకి పదిసార్లు వాడతారు. ఆ నీళ్లు నహానీ గుండా పోతే దాని వంపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. "బేసిన్ కింద బాటిల్ ట్రాప్ ఉంది కదా, మళ్లీ నహానీ ట్రాప్ కూడానా? రెండు ట్రాపులు వరసగా ఉండకూడదంటారు కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే, మూసి ఉన్న పైపు మీద రెండు ట్రాపులు వరసగా పెడితే మధ్యలో గాలి ఇరుక్కుని నీళ్లు గుడగుడమంటూ మెల్లగా దిగుతాయి. కానీ నహానీకి పైన జాలీ తెరిచే ఉంటుంది. బేసిన్ పైపు నహానీలోని నీటి మట్టానికి పైన కలిస్తే ఆ గాలి జాలీలోంచి బయటికి పోతుంది, ఇబ్బంది లేదు. నీటి మట్టానికి కింద కలిపితేనే గొడవ. మల్టీ ఫ్లోర్ ట్రాప్ కొంటే పక్కన ఉండే కన్నాలు సరైన ఎత్తులోనే వస్తాయి, వాటినే వాడమనండి.

అదే టబ్బు విషయంలో నహానీ పనికిరాదు. నిండా పడితే టబ్బులో నూట యాభై, రెండు వందల లీటర్లు ఉంటాయి. బిరడా తీయగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారి వస్తే నహానీ మింగలేదు, జాలీలోంచి పైకి పొంగి బాత్‌రూమ్ నేలంతా చెరువవుతుంది. టబ్బు కింద సొంతంగా పీ ట్రాప్ పెట్టి, 50 ఎంఎం పైపుతో నేరుగా నిలువు లైనుకి ఇవ్వండి. టబ్బు పక్క గోడలో ఆ ట్రాప్ దగ్గరికి చెయ్యి వెళ్లేలా ఒక చిన్న తలుపు వదలండి. టైల్స్ అందం పోతుందని ఎవరూ వదలరు. మూడేళ్లకి జుట్టు అడ్డుపడ్డాక టైల్స్ పగలగొట్టమని నన్ను పిలుస్తారు.

ఇక్కడే నీళ్లు పోయే రెండో దారి వస్తుంది. టబ్బు నీళ్లు పైపు నిండా దూసుకుపోతూ వెనక గాలిని లాగుతాయి. గాలి ఎక్కడి నుంచీ దొరక్కపోతే, పక్కనున్న ట్రాపుల్లోని నీళ్లని పీల్చేస్తాయి. ఒక్కోసారి టబ్బు తన ట్రాప్‌నే ఖాళీ చేసుకుంటుంది. ఎస్ ట్రాప్‌లో, అంటే నేలలోకి నిట్టనిలువుగా దిగే దాంట్లో, ఇది మరీ ఎక్కువ. అందుకే నేను గోడలోకి పోయే పీ ట్రాపే పెడతాను. ట్రాప్ నుంచి గాలి గొట్టం ఉన్న నిలువు లైను దాకా పైపు తన వ్యాసం కంటే ఎక్కువ దిగకూడదు, అదీ లెక్క. 40 ఎంఎం పైపుని 40కి 1 వాలుతో, అంటే 40 అడుగులకి ఒక అడుగు దిగేలా వేస్తే ఐదడుగుల దాకా వెళ్లొచ్చు. అంతకంటే దూరమైతే ట్రాప్ దగ్గరే విడిగా ఒక గాలి పైపు లేపాలి.

నిలువు లైను టెర్రస్ దాటి పైకి వెళ్లాలి, పైన కౌల్, అంటే గాలి ఆడే జాలీ మూత ఉండాలి, అది తెరిచి ఉండాలి. ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో ఆరు నెలలుగా మూడు బాత్‌రూమ్‌లూ కంపు. ఇద్దరు ప్లంబర్లు వచ్చి నహానీలు మార్చారు, జాలీలు మార్చారు, ఒకాయన పదివేలు తీసుకుని టైల్స్ సందుల్లో సిమెంటు నింపి వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఎవరో ఫ్లష్ చేశారు. పక్క బాత్‌రూమ్ నహానీ గుడగుడమని నీళ్లు లోపలికి గుంజుకుంది. నేనింకేమీ చూడకుండా టెర్రస్ ఎక్కాను. పైపు మీద చక్కగా ఎండ్ క్యాప్ బిగించి ఉంది. దాని పక్కనే నులక మంచం, మంచం మీద పాత చీర, చీర మీద గుమ్మడి వడియాలు. ఇంటావిడ మొహమాటపడుతూ చెప్పింది, "వడియాలకి వాసన పడుతోందని మా ఆయన చేత పెట్టించానండీ" అని. క్యాప్ తీసి పైపుని ఇంకో ఆరడుగులు పైకి లేపాను. రెండు గంటల పని. వాసన ఆరోజే పోయింది. వడియాలు నాకూ ఒక డబ్బా ఇచ్చారు.

మూడో దారి, నీళ్లు కిందికి పోవడానికి బదులు పైకి తన్నుకు రావడం. నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి ఇది బాగా తెలుసు. పైన ఎవరో వాషింగ్ మెషీన్ వేస్తే కింద వీళ్ల నహానీలోంచి నురగ వస్తుంది. నిలువు లైను అడుగున నీళ్లు మలుపు తిరిగే చోట గాలి నొక్కుకుపోతుంది, దానికి దగ్గర్లో కలిపిన పైపులోంచి అది ఎదురుతంతుంది. మందు ఒకటే, గ్రౌండ్ ఫ్లోర్ పైపుల్ని ఆ నిలువు లైనుకి కలపకుండా విడిగా చాంబర్‌కి తీసుకెళ్లాలి. అడుగు మలుపులో ఒక 90 డిగ్రీల బెండ్ బదులు రెండు 45లు వెయ్యాలి. మీది రెండంతస్తులే కాబట్టి అంత ఉద్ధృతి ఉండదు. అయినా కింది వంటింటి లైను ఎలాగూ వేరే వేస్తున్నారు కనుక ఈ బాధ మీకు తప్పుతుంది.

ఇక వంటిల్లు. సింకు లైను బాత్‌రూమ్ నహానీలోకి వద్దనేది వాసన కోసం మాత్రమే కాదు, జిడ్డు కోసం. మన వంటింటి సింకులో ఏమేం పడతాయో ఒకసారి తలుచుకోండి: వేపుడు మూకుడు కడిగిన నూనె, పప్పు అడుగు, ఆదివారం అయితే చేపల పొలుసు, రొయ్యల పొట్టు. వీటన్నిటికీ తోడు గంజి. అన్నం వార్చి మరిగే గంజిని నేరుగా సింకులో పోసే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. 60 డిగ్రీలు దాటిన నీళ్లు రోజూ పోయడానికి ఆ పీవీసీ పైపు చేసింది కాదు, మెత్తబడి కుంగుతుంది. కుంగిన చోట గంజి చల్లారి జిగురులా పడుతుంది, దాని మీద నూనె పేరుకుంటుంది. అక్కయ్యపాలెంలో ఒకసారి అలాంటి పైపు కోసి చూపిస్తే, లోపల చూపుడువేలు పట్టేంత కన్నమే మిగిలింది. మిగతాదంతా తెల్లటి సబ్బులా గట్టిపడి ఉంది. గంజి చల్లారాక పోయండి, లేదా మొక్కలకి పోయండి. సింకుకి 75 ఎంఎం లైను వేసి ఇంటి బయట గల్లీ ట్రాప్‌లోకి, అంటే చాంబర్‌కి ముందు నేలలో ఉండే ట్రాప్‌లోకి దింపండి. మలుపు ఉన్న ప్రతిచోటా డోర్ బెండ్, అంటే విప్పే మూత ఉన్న బెండ్ పెట్టించండి. ధరలో తేడా కొంచెమే, రేపు తీగ దూర్చడానికి గోడ పగలగొట్టక్కర్లేదు.

మీ ఇంట్లో ఇప్పుడు వాసన వస్తుంటే, కారణం బహుశా సింకు కిందే దొరుకుతుంది. తలుపు తీసి చూడండి. తెల్లటి ముడతల ఫ్లెక్సిబుల్ పైపు ఒకటి సింకు నుంచి వచ్చి, గోడలోని రెండంగుళాల పైపు నోట్లో ఊరికే గుచ్చి ఉంటుంది. చుట్టూ వేలు దూరేంత సందు. ట్రాప్ ఉండదు, బిగింపు ఉండదు. రాత్రి బొద్దింకలు వచ్చే దారి అదే. ఆ సందుకి సరిపడే రబ్బరు బుష్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, తెచ్చి బిగించండి. సింకు కింద బాటిల్ ట్రాప్ పెట్టించండి. మనది సముద్రపు గాలి కదా, బీచ్ వైపు ఇళ్లలో చవక రకం క్రోమ్ పూత ట్రాపులు తొందరగా పచ్చబడి చిల్లులు పడతాయి. కనపడని చోట అందం ఎందుకు, మంచి ప్లాస్టిక్‌దే పెట్టించండి.

నహానీ కొనేటప్పుడు ఒక మాట. జాలీ కింద చిన్న కప్పు బోర్లించినట్టుండే రకాన్ని "బొద్దింకలు రావు సార్" అని అమ్ముతారు. దాంట్లో నిలిచే నీళ్లు ఒక అంగుళం కూడా ఉండవు. పైగా నీళ్లు మెల్లగా పోతున్నాయని పనమ్మాయి ఆ కప్పు తీసి కిటికీలో పెడుతుంది, అంతటితో ట్రాప్ లేనట్టే. రెండంగుళాల నీళ్లు నిలిచే లోతైన నహానీనే తీసుకోండి.

వాలు గురించి మేస్త్రీతో పేచీ వస్తుంది, కాబట్టి లెక్క దగ్గర పెట్టుకోండి. 4 అంగుళాల పైపుకి 40కి 1, 6 అంగుళాలకి 60కి 1 అని పాత లెక్క. అంటే 4 అంగుళాల పైపు పదడుగులు పోతే మూడంగుళాలు దిగాలి. కొందరు "ఇంకా ఏటవాలుగా వేస్తే ఇంకా బాగా పోతుంది" అంటారు. టాయిలెట్ లైనులో మరీ ఏటవాలు వేస్తే నీళ్లు ముందు పరుగెత్తి, గట్టిది వెనక ఉండిపోతుంది. టాయిలెట్ లైను నేరుగా చాంబర్‌కి వెళ్లాలి, స్నానం నీళ్లూ వంటింటి నీళ్లూ గల్లీ ట్రాప్ దాటి చాంబర్‌కి రావాలి. వాన నీళ్లు ఈ రెంటిలోనూ కలవకూడదు. టెర్రస్ నీళ్లని చాంబర్‌లోకి వదిలిన ఇళ్లలో అక్టోబరు వానకి గ్రౌండ్ ఫ్లోర్ కమోడ్ పొంగుతుంది. మీ వీధిలో యూజీడీ (భూగర్భ మురుగు లైను) లేక సెప్టిక్ ట్యాంకే ఉన్నా ఇదే మాట, వాన నీళ్లు దాంట్లోకి వదిలితే అడుగున తేరుకున్నదంతా కలిసి బయటికి కొట్టుకొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, సెల్లార్. మీ మేస్త్రీ మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మీ సెల్లార్ నేల రోడ్డు మీది చాంబర్ కంటే కింద ఉంటుంది. పైపు కలిపితే నీళ్లు బయటికి పోవు సరికదా, చాంబర్ నిండిన రోజున వీధి మురుగంతా మీ సెల్లార్‌లోకి వస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, అక్కడ పల్లం మీ సెల్లారే.

దీనికి తిరగేసి చేసిన తప్పు కూడా చూశాను. ఒక అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ బయట తవ్వకం తప్పించుకోవడానికి పై అంతస్తుల వంటింటి లైన్లన్నీ సెల్లార్ సంప్‌లోకి దింపి, పంపుతో బయటికి కొట్టించాడు. కరెంటు ఉన్నన్నాళ్లు బాగానే నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగింది కానీ పైన జనం గిన్నెలు తోమడం ఆగదు కదా. టెర్రస్ మీద ట్యాంకు ఖాళీ అయ్యాకే సెల్లార్ పొంగడం ఆగింది. అప్పటికి స్కూటర్ల సీట్ల దాకా నీళ్లు, అందులో అన్నం మెతుకులు తేలుతూ ఉన్నాయి.

రోడ్డు మట్టానికి పైన పుట్టే నీళ్లన్నీ వాలు మీదే బయటికి పోవాలి. కింద పుట్టేవి మాత్రమే పంపుకి. మీ పై అంతస్తుల పైపులు సెల్లార్ పైకప్పుకి వేలాడుతూ వెళ్లొచ్చు, కానీ ఆ పైపుకి సెల్లార్‌లో ఏ కన్నమూ ఉండకూడదు.

కారు కడిగే చోట ఒక చిన్న మట్టి గుంట కట్టించండి, ఇసుక అక్కడే అడుక్కి చేరాలి. అది దాటాక సంప్. సంప్‌లో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి దానంతటదే పనిచేసే స్విచ్) ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపు. పంపు నుంచి బయల్దేరిన పైపు మీద ఎన్నార్వీ, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు. ఆ పైపు ముందు రోడ్డు మట్టం కంటే పైకి, కనీసం మూరెడు ఎత్తు లేచి, అక్కడ వంగి చాంబర్‌లోకి దిగాలి. ఎన్నార్వీలో చెత్త ఇరుక్కుని మూసుకోకపోయినా, ఆ ఎత్తు దాటితే తప్ప వీధి మురుగు వెనక్కి రాలేదు. ఎన్నార్వీ మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోకండి. పంపుకి ఇన్వర్టర్ గానీ చిన్న జనరేటర్ గానీ ఉండాలి, తుఫాను రోజునే దాని అవసరం.

మీది వాలు మీద ఇల్లు కాబట్టి ఇంకో సమస్య, ఊట. వాన వెలిసిన మూడు నాలుగు రోజుల దాకా కొండ వైపు గోడ అడుగు నుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ గోడ వెంట జానెడు వెడల్పు కాలువ తీసి సంప్‌కి కలపండి. ఆ ఊటని వీలైతే విడిగా పట్టి తోటకి వాడుకోండి. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే కొంచెం ఎత్తుగా దిమ్మ లేపి, అడ్డంగా జాలీ కాలువ వేయించండి, రోడ్డు మీది నీళ్లు లోపలికి దొర్లకుండా.

సెల్లార్‌లో టాయిలెట్ మాత్రం మానుకోమనే నా సలహా. దానికి గట్టి మురుగుని కోసి తోసే వేరే రకం పంపు, గాలి చొరబడని మూత, ఆ మూత నుంచి టెర్రస్ దాకా గాలి పైపు, ఇవన్నీ కావాలి. ఒక్క డ్రైవర్ కోసం ఇంత అక్కర్లేదు, గేటు పక్కన రోడ్డు మట్టానికి పైన చిన్న గది కట్టిస్తే వాలు మీదే పోతుంది. ఒకవేళ కట్టించి తీరాల్సిందే అయితే, సంప్ బాగుచేయడానికి మనిషిని లోపలికి దింపకండి. విషవాయువుకి క్షణాల్లో ప్రాణం పోతుంది, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. యాసిడ్ పోసి వదిలించే అలవాటున్న వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

టైల్స్ వేసే ముందు మేస్త్రీ దగ్గర నిలబడి రెండు పనులు చేయించండి. కింద చివర బిరడా కొట్టి పైపుల నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున గీత కంటే దిగితే ఎక్కడో జాయింటు కారుతోంది. తర్వాత నీళ్లు వదిలేసి, ప్రతి నహానీ జాలీ మీద పలుచటి పాలిథిన్ కవరు పరిచి చుట్టూ టేపు వేసి, టబ్బు నింపి ఒక్కసారి వదలండి, అదే సమయంలో ఫ్లష్ కూడా చేయండి. కవరు లోపలికి పీల్చుకుంటే గాలి పైపు చాలట్లేదు. పైకి ఉబ్బితే ఎక్కడో దారి బిగుసుకుంది. కదలకుండా ఉంటే టైల్స్ వేయించుకోండి.

మీ సెల్లార్ నేల నుంచి రోడ్డు చాంబర్‌లో పైపు అడుగు దాకా ఎంత ఎత్తుందో నీళ్ల ట్యూబుతో కొలిపించి ఇక్కడ రాయండి. సంప్ ఎంత లోతు తవ్వాలో, పంపు ఎన్ని హెచ్‌పీ కావాలో దాన్నిబట్టి చెప్తాను.